కొత్త కొమ్మ ఎక్కిన పురుగులు

ఆ సంగతి మొదట నా చెవిన వేసింది ఆకు కోసే అవ్వ. తెల్లవారి వాకిట్లో ముగ్గు వేసి, స్నానం చేసి, దేవుడి గూట్లో వత్తి ముట్టిద్దామని అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాను. అవ్వ లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, చంకలో కొడవలి అట్లాగే పెట్టుకుని చెప్పింది.

"మే, పురుగులు ఆకు ముట్టడంల్యా. తలకాయలు పైకెత్తి ఆడిస్తాండాయి. పచ్చగా కక్కుకుంటాండాయి. ఆ పిల్ల నిలబడినకాడ నిలబడినట్లే ఉండాది. నువ్వొచ్చి చూడు."

అగ్గిపెట్టె గూట్లోనే పెట్టి లేచాను. కదిరి నరసింహస్వామి మా ఇంటి దేవుడు. ఆయన ముందు నుంచి మధ్యలో లేచిన రోజులు నా బతుకులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆయన ఏమీ అనుకోలేదని తర్వాత జరిగినదాన్ని బట్టి నాకు తెలిసింది.

పురుగులంటే పట్టుపురుగులు. మాది పెనుకొండకు దగ్గర, ఎర్రమంచి పోయే దారిలో ఉన్న ఊరు. మా ఇంటి వెనక గోడను ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో పురుగులు మేపే అమ్మాయి కనగానపల్లి వైపు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చింది. నాకు చుట్టం కాదు, ఊరి వరసకు అత్తా అంటుంది. ఆమె షెడ్డులోకి పోయే తీరు చూస్తే నాకు గుళ్లోకి పోయేవాళ్లు గుర్తుకు వస్తారు. గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుంటుంది, సున్నం పొడి మీద అడుగు వేస్తుంది, లోపల గొంతు పెంచదు. బయట మాత్రం ఆమె నోటికి ఊరంతా భయపడుతుంది.

అంతకుముందు ఆమెకు రెండు పంటలు వరసగా పోయాయి. ఒకటి పాలురోగం వచ్చి, ఒకటి ఎండ దెబ్బకు. ఆమె మొగుడు కార్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి షిఫ్టుల్లో పోతాడు. మంచివాడే గానీ విసిగిపోయాడు. "ఈ పంట గూడా పోతే రేకులు పీకేస్తా. నువ్వు గూడా నాతో క్యాంటీను పనికి రా" అని తేల్చి చెప్పాడట. ఆ మాట ఆమె నాతో నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ రోజు నుంచి పొద్దున నాలుగుసార్లు, సాయంత్రం నాలుగుసార్లు షెడ్డులోకి పోయి వచ్చేది. కాబట్టి అవ్వ తెచ్చిన కబురు ఒక్క పంట గురించి కాదు. ఆ అమ్మాయి ఇక ఆ పని చేసుకోగలదా లేదా అన్నది.

ఇప్పుడు మా మేడ సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీ వచ్చాక వారానికీ పది రోజులకూ గదులు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. హిందూపురంలో ఉండే మా చెల్లెలి కూతురు మా మేడ మీది రెండు గదులనూ ఫోటోలు తీసి, ఫోనులో ఏదో యాప్‌లో పెట్టింది. అప్పటి నుంచి ఎక్కడెక్కడివాళ్లో మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుండి పోతున్నారు. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. మా నాయన పలక మీద అక్షరాలు దిద్దించాడు, మా అవ్వ పక్కన కూర్చోబెట్టుకుని స్తోత్రాలు చదివించింది. అటువంటి నా ఇంటికి మిషన్లు బిగించే ఇంజనీర్లు వచ్చి, "అమ్మా, కాఫీ బాగుంది" అని పోతుంటే ఇది ఎవరు చేసిన పుణ్యమో అనుకునేదాన్ని.

వచ్చినవాళ్ల చేతుల్లో వస్తువులు పాడవుతూనే ఉంటాయి. ఒకాయన కరెంటు కెటిల్‌ను గ్యాసు పొయ్యి మీద పెట్టి నీళ్లు కాచబోయాడు. అడుగు కరిగి పొయ్యికి అంటుకుంది. పాపం, ఆయన చేసే పని కూడా కరెంటు పనే. ఒక పాప గోడ మీద స్కెచ్ పెన్నుతో బస్సు గీసింది. మేము సున్నం వేయించలేదు. ఆ తర్వాత వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే అందులో మనుషుల్ని ఎక్కిస్తున్నారు. ఇప్పుడు ఆ బస్సులో నిలబడడానికి కూడా చోటు లేదు.

"పెద్దమ్మా, పగిలినదానికి ఫోటో తీసి పంపు. దాంట్లో ఫారం ఉండాది, వాళ్ల దగ్గర రాబట్టొచ్చు" అంటుంది చెల్లెలి కూతురు. నాకు చేతకాలేదు. మా అవ్వ ఒక మాట అనేది. ఇంటికి వచ్చినవాళ్ల చేతిలో ఒక గాజు గ్లాసు పగిలితే, ఆ ఇంటి దిష్టి దానితో పోయిందనుకోవాలని. ఆ లెక్కన మా ఇంటికి దిష్టి అనేదే మిగిలి ఉండకూడదు.

గదిలో నా చేత్తో రాసిన ఒక కాగితం అంటించాను. చెప్పులు మెట్ల కింద విడవాలి. మాంసం వండరాదు. సిగరెట్టు తాగరాదు. వెనక షెడ్డు తలుపు తీయరాదు, పురుగులను చూడాలని అడగరాదు. ఇట్లా పది పన్నెండు వరసలు. అన్నీ రాశాననుకున్నాను. రాయనిది ఒక్కటే. దోమల మందు కొట్టరాదని రాయలేదు.

ఎందుకు రాయలేదంటే, అది రాయవలసిన సంగతి అని నాకు తట్టనే లేదు. పురుగులు మేపే ఊళ్లలో దోమల చుట్ట ముట్టించేవాళ్లు ఉండరు. మా అంగట్లో అమ్మరు కూడా. పసిబిడ్డకైనా ముసలివాళ్లకైనా దోమతెరే. ఆ పొగ, ఆ మందు పురుగుకు విషమని మాలో ఒకరు ఇంకొకరికి చెప్పుకోగా నేను వినలేదు. అన్నం చేత్తో తినాలని ఎవరైనా కాగితం మీద రాసి అంటిస్తారా? ఇదీ అంతే. మాలో అందరికీ తెలిసినదాన్ని బయటినుంచి వచ్చినవాళ్లకు చెప్పాలన్న బుద్ధి నాకు లేకపోయింది.

ఆ వారం మేడ మీద ఉన్నది గోదావరి వైపు నుంచి వచ్చిన చిన్న జంట. అతను ఫ్యాక్టరీలో ఏదో మిషను సర్దడానికి వచ్చాడు. ఆమె ఎనిమిది నెలల మగబిడ్డను ఎత్తుకుని వెంట వచ్చింది. ఆదివారం ధర్మవరం పోయి, చెల్లెలి పెళ్లికి పట్టుచీర కొనుక్కుని, అటు నుంచి అటే రైలెక్కాలని వాళ్ల ఆలోచన. వచ్చిన రోజు ఆ అమ్మాయి నా కాగితం రెండుసార్లు చదివి, "అన్నీ గుర్తుపెట్టుకుంటానండీ" అంది. గుర్తుపెట్టుకుంది కూడా. మెట్ల కింద చెప్పులు జత కలిపి గోడవారగా పెట్టేది.

నేను వెనక్కి పోయేసరికి షెడ్డు ముందు నలుగురైదుగురు చేరారు. కాళ్లు కడుక్కుని లోపలికి పోయాను. పురుగులు నాలుగో జ్వరం లేచి మూడు రోజులైంది. జ్వరమంటే మా వైపు పురుగు తిండి మాని, పాత తోలు విడిచే నిద్ర. నాలుగోది లేచాక ఇక తినడమే తినడం, వారం తిరిగితే గూడు కడతాయి. ఆ రోజుల్లో షెడ్డులో నిలబడితే నమిలే చప్పుడు ఆగకుండా వినిపించాలి. ఆ పొద్దున ఏ చప్పుడూ లేదు. అరల మీద పరిచిన కొమ్మలు ఆకుపచ్చగా అట్లాగే ఉన్నాయి. మా మేడ కిందికి ఉన్న అరల్లో పురుగులు ముడుచుకుని పడిపోతున్నాయి. దూరంగా ఉన్నవి తల ఎత్తి అటూ ఇటూ తిప్పుతున్నాయి.

"ఆకులో మందుండాది అత్తా" అంది ఆ అమ్మాయి. ఆమె గొంతు అంత చిన్నదిగా నేనెప్పుడూ వినలేదు. "ఆకులో మందుంటే ఇంగ తోట అంతా పనికిరాదు. వీటికి ఏం పెట్టాల? గుంత తవ్వి పూడ్చేదే."

అవ్వ అప్పటికే గడ్డపార తెచ్చి గోడకు ఆనించింది.

ఆమె మల్బరీ తోట పక్కన టమోటా వేసిన ముసలాయన కూడా వచ్చి నిలబడ్డాడు. అందరి చూపూ ఆయన మీదే. మొదట అవ్వ అందుకుంది.

"ఏమబ్బా, నీ టమోటాల పురుగు సచ్చిందో ల్యాదో గానీ, మా పురుగు సచ్చింది చూడు."

"నేను మందు కొట్టి వారం దాటింది మే" అన్నాడాయన. "కొట్టేదానికి ముందు ఈ పిల్లను అడిగితి. గాలి అటుపక్కకు ఉండాదని చూసుకోనే కొడ్తి."

"వారమంట వారం. నిన్న డబ్బా మోసుకోని తోటకాడికి పోతాంటివి గదా, నేను చూడలేదనుకుంటివా?"

"ఆ డబ్బాలో మజ్జిగ ఉండె. ఇంటికాడ ఉండాది, పోయి మూత తీసి వాసన చూసుకోపో."

"మజ్జిగ తాగే మొగమేనా అది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లుగా పక్కపక్క పొలాలు చేసుకునేవాళ్లు. అయినా ఆ పొద్దున ఆయన మాట నమ్మడానికి ఎవరూ సిద్ధంగా లేరు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

ఆ మాటలు జరుగుతుండగా మేడ మీది అమ్మాయి మెట్ల మీద సగం దాకా వచ్చి మళ్లీ పైకి పోవడం చూశాను. జనాన్ని చూసి బెదిరిందనుకున్నాను. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి కిందిదాకా దిగింది. చంకలో బిడ్డ, రెండో చేతిలో దోమల మందు డబ్బా, నొక్కితే చిమ్మేది.

"ఆంటీ, ఒక్క మాటండీ" అంది. అందరూ తిరిగి చూశారు. "ఆ తాతగారిని ఏమీ అనకండి. నిన్న సాయంత్రం బాబుని దోమలు కుడుతుంటే నేను ఇది కొట్టాను. లోపలికి రాకుండా ఉంటాయని కిటికీ తీసి బయటికి కూడా కొట్టాను. ఆ కిటికీ కింద ఉన్నది ఇదే కదండీ. నా వల్లేనేమో."

షెడ్డు అమ్మాయి నోరు నాకు తెలుసు. ఒకసారి తోటలో మేక పడినందుకు మేక గలవాళ్ల మూడు తరాలను వరసగా నిలబెట్టి తిట్టిన మనిషి. ఆమె వచ్చి డబ్బా అందుకుంది. మూత దగ్గర వాసన చూసింది.

"ఎన్నిసార్లు కొట్టినావు?"

"రెండుసార్లండీ. రెండోసారి ఎక్కువసేపు."

"ఈ ఒక్క కిటికీనేనా?"

"ఒక్కటేనండీ."

"చుట్ట గూడా ముట్టిచ్చినావా?"

"లేదండీ."

ఆమె డబ్బా నా చేతిలో పెట్టి అవ్వ వైపు తిరిగింది. "అవ్వా, గుంత ఇడ్సిపెట్టు. ఆకు మంచిదే. కొడవలి తీసుకో, తోటకాడికి పోదాం."

ఆ ఒక్క మాటతో అంతా మారిపోయింది. విషం ఆకులో ఉంటే పురుగులకు పెట్టడానికి ఏమీ లేదు. రోగమైతే ఊళ్లో మిగతా షెడ్లకు అంటకుండా మొత్తం పూడ్చిపెట్టాలి. విషం గాలిలో వచ్చిందని తెలిస్తే, గాలి మార్చి కొత్త ఆకు వేసి, బతికేవాటిని బతికించుకోవచ్చు. ఆ అమ్మాయి నోరు విప్పకపోతే ఇంకో గంటలో బతికున్న పురుగులు కూడా మట్టి కింద ఉండేవి. నాలుగు రోజులాగి ఆమె చీర కొనుక్కుని రైలెక్కి పోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

"అయితే నా మజ్జిగ మంచిదే అన్నమాట" అన్నాడు ముసలాయన. ఎవరూ క్షమించమని అడగలేదు, ఆయనా అడగమనలేదు. అవ్వ చేతిలోంచి కొడవలి లాక్కుని, "నీకంటే నేను బిరీన కోస్తా, నడువు" అని ముందు నడిచాడు.

పురుగులను వేరు చేసే పని నేను అంతకుముందు దగ్గర నుంచి చూడలేదు. చేత్తో ఏరరు. చుట్టూ తెరలన్నీ ఎత్తికట్టి గాలి ఆడనిచ్చి, పాత కొమ్మల మీద కొత్త కొమ్మలు పరుస్తారు. పరిచి ఊరుకుంటారు. బతికే పురుగు తనంతట తానే కొత్త కొమ్మ మీదికి ఎక్కుతుంది. ఎక్కలేనిది కిందే ఉండిపోతుంది. ఆపైన కొత్త కొమ్మలను ఎత్తి వేరే చోటికి మార్చాలి. ఆ వేరే చోటు ఏదా అని అందరూ చూస్తుంటే, మా ముందరి హాలు ఉందని చెప్పాను. షెడ్డుకూ ఆ కిటికీకీ దూరం, గాలి బాగా వస్తుంది. మా ఆయన అప్పటికే కుర్చీలు బయటికి లాగుతున్నాడు.

"నేనూ వస్తానండీ" అంది మేడ మీది అమ్మాయి.

పరాయివాళ్లను పురుగుల దగ్గరికి రానివ్వరు. దిష్టి అంటారు, రోగం అంటారు, రెండూ నిజమే. షెడ్డు అమ్మాయి ఆమెను తల నుంచి కాలిదాకా చూసింది.

"సెంటు పూసుకున్నావా?"

"లేదండీ. సబ్బు వాసన ఉంటుందేమో."

"పోయి శెనగపిండితో పోసుకోని రా. అత్త ఇస్తాది. గాజులు తీసెయ్. మొగానికి ఏమీ రుద్దద్దు."

పావుగంటలో తడి జుట్టు ముడివేసుకుని వచ్చింది. బిడ్డను నేను తీసుకున్నాను. వంటింట్లో పాత చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టాను. వాడు బంగారం, ఒక్కసారి కూడా తల్లి కోసం ఏడవలేదు. తల్లే ఏడ్చింది. కొత్త కొమ్మలు పరుస్తూ, కిందికి రాలిపోతున్నవాటిని చూసి వెక్కివెక్కి ఏడ్చింది. ఎంత నష్టమైతే అంతా తన భర్త ఇస్తాడని అంటూ ఉంది.

"నీ దుడ్లు పురుగులు తింటాయా?" అంది షెడ్డు అమ్మాయి. "ఏడ్చేది తర్వాత ఏడుద్దువులే. కొమ్మ మొదలు ఆ పక్కకు పట్టుకో. అట్ల కాదు, ఇట్ల. ఆ, చేతిలో పని ఉండాదే నీకు."

కొమ్మలు పరిచాక ఎదురుచూడడమే పని. నలుగురం అరల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాం. చాలాసేపు ఏమీ కదలలేదు. ఆ తర్వాత చివరి అరలో ఒక పురుగు తల ఎత్తి, ఆగి, ఆకు అంచును తడిమి, కొత్త కొమ్మ మీదికి ముందరి కాళ్లు వేసింది. దాని వెనక ఇంకొకటి. మా పక్క కూర్చున్న గోదావరి అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షెడ్డు అమ్మాయి వేలితో ఆ పురుగు వీపు ఒక్కసారి తాకింది, అంతే. నాకు స్తోత్రాలు చాలా వచ్చు. ఆ గంటలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. "ఎక్కు నాయనా, ఎక్కు" అనుకుంటూ కూర్చున్నాను. ఆ రోజుకు నా పూజ అదే.

మా కిటికీ కింది అరల్లో దాదాపు అన్నీ పోయాయి. మధ్య అరల్లో కొన్ని ఎక్కాయి. దూరపు అరల్లో చాలావరకు ఎక్కాయి. అన్నీ కలిపి చూస్తే సగానికి కొంచెం పైగా మా హాల్లోకి వచ్చాయి.

అవి మా హాల్లో ఉన్న అయిదు రోజులూ స్వామికి ఊదుబత్తి లేదు, సాంబ్రాణి లేదు, కర్పూరం లేదు. ఘాటు వాసనలు పురుగుకు పడవు. పువ్వు పెట్టి దండం పెట్టుకున్నాను. మిరపకాయల పోపు లేదు, వెల్లుల్లి లేదు. చప్పిడి పప్పు తిని మా ఆయన, "నేను గూడా జ్వరంలో పడినానని అనుకో. లేచినాక తింటాలే" అన్నాడు. ఆ మాటకు గోదావరి అమ్మాయి మొదటిసారి నవ్వింది.

ఆ సాయంత్రం ఆమె భర్త ఫ్యాక్టరీ నుంచి వచ్చాక మెట్ల మీద వాళ్ల మాటలు వినబడ్డాయి. వినాలని నిలబడలేదు, బిడ్డ బట్టలు ఆరవేస్తున్నాను.

"మనం ఊరుకుంటే సరిపోయేది కదా. నాలుగు రోజుల్లో వెళ్లిపోయేవాళ్లం."

"మనకి సరిపోయేది. ఆ ముసలాయనకి సరిపోయేది కాదు."

మరునాడు అతను డ్యూటీ నుంచి రాగానే కాళ్లు కడుక్కుని మా గుమ్మం ముందు నిలబడి, "ఏం మొయ్యాలో చెప్పండి" అన్నాడు. తోట నుంచి కొమ్మల మోపులు మోయడం అలవాటు లేక మెడ గీరుకుపోయింది. నేను పసుపు రాశాను. అయినా మూడో రోజూ మోశాడు.

షెడ్డు అమ్మాయి మొగుడు మాత్రం ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. షిఫ్టు దిగి వచ్చి, విషయం విని, చచ్చిన పురుగులను గంపలకెత్తి దూరంగా తీసుకుపోయి పూడ్చి వచ్చాడు. ఖాళీ అరలు కడిగాడు. "తిట్టినా బాగుండు అత్తా" అంది ఆమె. "ఏమీ అనకుండా ఉండాడు. రేకులు పీకే ముందర కడుగుతాండాడేమో అని భయంగా ఉండాది."

ఇది చెల్లెలి కూతురికి ఫోనులో చెబితే వెంటనే ఫారం తెరిచింది. కాసేపు ఏవేవో నొక్కి, "పెద్దమ్మా, ఏం పాడైందని అడుగుతాండాది. మంచమా, టీవీనా, గాజు సామానా, గోడా అని ఉండాది. పురుగులని ల్యాదు" అంది. ఇంకొంచెంసేపు చూసి, "ఎవరు పాడుచేసినారని గూడా అడుగుతాండాది. ఏం రాయాల?" అంది.

నేను ఆలోచించాను. మందు కొట్టింది ఆమె. చెప్పవలసింది చెప్పనిది నేను. నా ఇంటికి వచ్చినామె నేను రాసిన పన్నెండు వరసలూ పాటించింది, రాయని పదమూడోది ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఆ ఫారం మూసేయమన్నాను. ఆ మాట షెడ్డు అమ్మాయికి కూడా చెప్పాను, తప్పు నాదని. ఆమె, "నాకు తట్టిందా అత్తా? ఆ కిటికీ రోజూ చూస్తాండేదాన్ని నేనే గదా" అంది. దోమతెర మాట కూడా అప్పుడే బయటపడింది. నేను మడతపెట్టి అల్మరా పై అరలో పెట్టినదాన్ని మేడ మీది అమ్మాయి తెల్ల దుప్పటి అనుకుందట. ఆ సాయంత్రం నలుగురం మేడ ఎక్కి మంచానికి దోమతెర కట్టాం.

ఒక మధ్యాహ్నం ఆకులు దూస్తూ కూర్చున్నప్పుడు గోదావరి అమ్మాయిని అడిగాను, మూడుసార్లు దిగావెందుకమ్మా అని. దాచుకోలేదు.

"మొదటిసారి చెబుదామనే దిగానండీ, అందర్నీ చూసి భయం వేసింది. రెండోసారి బట్టలు సర్దుకుని వెళ్లిపోదామనుకున్నాను. నిజంగా సంచి కూడా తీశాను. బాబు అప్పుడే పాలు కక్కుకున్నాడు. తుడుస్తుంటే కింద నుంచి మీవాళ్లు పురుగులు కక్కుకుంటున్నాయి అనడం వినబడింది. ఇక కూర్చోలేకపోయాను."

మంచివాళ్లకు భయం ఉండదని నేను ఇన్నాళ్లూ అనుకునేదాన్ని. ఆమెకు భయం ఉంది, సంచి తీసేంత భయం ఉంది. అయినా దిగి వచ్చింది. నాకు ఆమె మీద గౌరవం ఆ మాట విన్నాక ఇంకా పెరిగింది.

అయిదో రోజుకు పురుగుల ఒంట్లో పచ్చదనం పోయి, వెలుతురు కనిపించేంత పలచగా, పసుపుగా అయ్యాయి. పండాయి అంటారు. వాటిని ఏరి చంద్రికల మీద వేశాం. చంద్రిక అంటే గూడు కట్టుకోవడానికి చుట్లు చుట్లుగా అల్లిన తట్ట. గోదావరి అమ్మాయి భర్త పని అయిపోయినా ఇంకో రెండు రోజులు అడిగి ఉన్నారు. ఆ రెండు రోజులూ మా ఇంటి మనుషులుగానే ఉన్నారు. మొదటి పురుగు తల అటూ ఇటూ తిప్పుతూ దారం తీయడం మొదలుపెడితే ఆమె బిడ్డను ఎత్తుకుని వచ్చి చూపించింది. వాడు దాన్ని నోట్లో పెట్టుకుందామని చెయ్యి చాచాడు.

పోయేరోజు షెడ్డు అమ్మాయి ఆమెకు కుంకుమ పెట్టి, జాకెట్ గుడ్డ ఇచ్చింది. "మళ్లా రా. డబ్బా మాత్రం మీ ఊర్లోనే పెట్టి రా" అంది. ఆ మధ్యాహ్నం ధర్మవరం నుంచి నాకు ఫోను వచ్చింది. "ఆంటీ, ఇంకా ఒక్క చీర కూడా తీసుకోలేదు. ఒక్కోదాన్ని తడుముతూ కూర్చున్నాను. షాపాయన విసుక్కుంటున్నాడు, మా ఆయన రైలు పోతుందంటున్నాడు" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఫోనులో తెలియలేదు.

గూళ్లు దించాక హిందూపురం మార్కెట్టుకు షెడ్డు అమ్మాయితో, ఆమె మొగుడితో నేనూ పోయాను. మొగుడు ఏమంటాడోనని భయపడి ఆ అమ్మాయే నన్ను తోడు పిలిచింది. అతను దారంతా గూళ్ల మూటల వైపే చూస్తూ కూర్చున్నాడు. మార్కెట్టులో తట్టల్లో గూళ్లు పోశాం. పక్కవాళ్ల తట్టలు పొంగిపోతున్నాయి, మావి సగం. దారం తీసేవాళ్ల తరఫున ఒకాయన వచ్చి, గుప్పెడు గూళ్లు తీసి, వేళ్లతో నొక్కి, చెవి దగ్గర ఆడించి చూశాడు.

"గూడు గట్టిగా ఉండాది. కొంచెమే తెచ్చినారు ఎందుకప్పా?"

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. జవాబు ఆమె మొగుడు చెప్పాడు.

"మందు గాలి తగిలి సగం పోయినాయన్నా. పై పంటకు తట్ట నిండుగా తెస్తాం."

పై పంట అన్నాడు. ఆ మాట చెవిన పడగానే ఆమె వేళ్లు నా చేతిలో బిగుసుకున్నాయి, తర్వాత మెల్లగా వదిలాయి. అతను మమ్మల్ని చూడలేదు. తట్టలో గూళ్లు సమంగా సర్దుతూ, "షెడ్డుకు ఆ కిటికీ పక్క గోడ ఎత్తాల, అత్తకు చెప్పి" అని తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నాడు.

ఆ సమయంలో నా మనసులో మెదిలింది గోదావరి అమ్మాయే. ఆమె పేరు ఇక్కడ రాయలేదు. తన పేరు నలుగురిలో చెప్పుకోవాలని కోరే మనిషి కాదు. చదివేవాళ్లను ఒక్కటే అడుగుతున్నాను. మీ దేవుడు ఎవరైనా సరే, మీవాళ్ల కోసం మొక్కుకున్నాక, ఎవరూ అడగకముందే బిడ్డను చంకనేసుకుని మా మెట్లు దిగి వచ్చిన ఆ పిల్లను కూడా ఒక్కసారి తలుచుకోండి.